విజయనగరం నుంచి జర్మనీకి ఒక సెమిస్టర్ ఎక్స్‌ఛేంజ్: ఇక్కడ ఏడాది పోకుండా వెళ్లి రావడం ఎలా?

బొబ్బిలి_వీణ

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ చదువుతున్నాను, నాలుగో సెమిస్టర్ నడుస్తోంది. మా కాలేజీకి జర్మనీలో ఒక అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీతో ఒప్పందం ఉంది. ఏడాదికి ఇద్దరిని ఒక సెమిస్టర్‌కి పంపుతారట. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, ఇక్కడి ఫీజు మామూలే అన్నారు. నోటీసు బోర్డులో అంతకు మించి ఏమీ లేదు.

ఏ సెమిస్టర్‌లో వెళితే ఇక్కడి చదువు దెబ్బతినకుండా ఉంటుంది? అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడి మెమోలోకి ఎలా ఎక్కుతాయి? ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతున్నాను, ఆరు నెలలు లేకపోతే అది ఆగిపోతుందా? మొత్తం చేతిలో ఎంత ఉండాలి? విశాఖలో ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఎక్స్‌ఛేంజ్ సీటు మేమే ఇప్పిస్తామంటున్నారు, వాళ్లతో పని ఉంటుందా? ఇంట్లో అడగాలంటే ముందు నా దగ్గర లెక్క ఉండాలి. కాస్త వివరంగా చెప్పండి.

నాగావళి

చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే అక్కడే డబ్బు పోయేది. ఎక్స్‌ఛేంజ్ సీటు బయటివాళ్లు ఎవరూ ఇప్పించలేరమ్మా. మీ కాలేజీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ కోఆర్డినేటర్ మీ పేరు అవతలి యూనివర్సిటీకి పంపాలి, దాన్నే నామినేషన్ అంటారు. ఆ పేరు వెళ్లాకే అవతలి వాళ్లు మీ మెయిల్‌కి అప్లికేషన్ లింకు పంపుతారు. కన్సల్టెన్సీ వాళ్లు ఇప్పించగలిగేది మామూలు అడ్మిషన్, లేదంటే సొంత ఖర్చు మీద ఒక సెమిస్టర్. ఒప్పందం కింద వచ్చే ఫీజు మినహాయింపు వాళ్ల చేతిలో లేదు.

ఇప్పుడు అసలు సంగతి. అక్కడ పాసవడం కష్టం కాదు, పాసైంది ఇక్కడ చెల్లడమే కష్టం. అది మీరు విమానం ఎక్కకముందే కాగితం మీద తేలిపోవాలి. వచ్చాక చూద్దాంలే అన్న మాట ఎవరన్నా, అది ఎంత పెద్దవారైనా, నమ్ముకోకండి. ఆ సారు బదిలీ అయితే ఆ మాట కూడా బదిలీ అయిపోతుంది.

మొదట తెలుసుకోవాల్సింది మీ మెమో ఎవరు ప్రింట్ చేస్తారన్నది. కాలేజీ అటానమస్ అయితే సబ్జెక్టుల సమానత్వాన్ని బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్ ఒప్పుకుని, అకడమిక్ కౌన్సిల్‌లో పెట్టి, కాలేజీ పరీక్షల విభాగానికి ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. అఫిలియేటెడ్ కాలేజీ అయితే మెమో యూనివర్సిటీ నుంచి వస్తుంది. అంటే ప్రిన్సిపాల్ సంతకం ఒక్కటే చాలదు, యూనివర్సిటీ అనుమతి కావాలి. మీ జిల్లాలో అఫిలియేటెడ్ ఇంజినీరింగ్ కాలేజీలకి అది జేఎన్‌టీయూ గురజాడ. 2022లో కాకినాడ నుంచి విడిపోయి వచ్చిన యూనివర్సిటీ కాబట్టి పాత సీనియర్లు చూపించే కాకినాడ ఉత్తర్వుల కాపీలు మీకు నమూనాగా పనికొస్తాయి గానీ ఆధారంగా పనికిరావు.

కాగితం పేరు లెర్నింగ్ అగ్రిమెంట్. దానిలో రెండు పట్టికలు ఉంటాయి. టేబుల్ ఏలో అక్కడ మీరు చదివే సబ్జెక్టులు, టేబుల్ బీలో వాటికి బదులు ఇక్కడ మాఫీ అయ్యే సబ్జెక్టులు. సంతకాలు మూడు: మీది, మన కాలేజీది, అక్కడి వాళ్లది. చాలామంది టేబుల్ ఏ శ్రద్ధగా నింపి, టేబుల్ బీలో ఐదో సెమిస్టర్ ఎలక్టివ్స్ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. దాంతోనే చిక్కు వస్తుంది. ప్రతి వరుసలో సబ్జెక్టు కోడ్, పేరు, క్రెడిట్లు, మన రెగ్యులేషన్ (మీరు చేరిన ఏడాదికి వర్తించే సిలబస్ నియమావళి) పేరు, ఆర్20 అయితే ఆర్20, ఆర్23 అయితే ఆర్23, స్పష్టంగా ఉండాలి. పరీక్షల విభాగంలో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి ఆ కోడ్ కనబడితేనే మార్కులు ఎక్కించగలడు.

క్రెడిట్ల లెక్క ఇలా చూసుకోండి. యూరప్‌లో సెమిస్టర్‌కి 30 ఈసీటీఎస్ క్రెడిట్లు. మనకి బీటెక్ మొత్తం 160, ఎనిమిదితో భాగిస్తే సెమిస్టర్‌కి సగటున 20. అంటే మన ఒక క్రెడిట్‌కి అక్కడ ఒకటిన్నర. మన 3 క్రెడిట్ల థియరీకి లెక్క ప్రకారం నాలుగున్నర వస్తుంది, కాబట్టి అక్కడి 5 ఈసీటీఎస్ సబ్జెక్టు సరిపోతుంది. తేడా ఎక్కడంటే, మన క్రెడిట్ వారానికి ఎన్ని గంటల క్లాసు అన్నదాని మీద పుట్టింది. ఈసీటీఎస్ క్లాసుతో పాటు ఇంటి దగ్గర చదివే గంటలు కూడా కలిపిన లెక్క, ఒక్కోటి 25 నుంచి 30 గంటలు. అందుకే అక్కడ వారానికి నాలుగు గంటల క్లాసు కనబడితే సబ్జెక్టు చిన్నదనుకోకూడదు.

సమానత్వం పేరును బట్టి చూపించవద్దు, సిలబస్‌ను బట్టి చూపించండి. ఒక కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేయండి. ఎడమ వైపు మన సిలబస్ ఐదు యూనిట్లు, కుడి వైపు అక్కడి మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో, అంటే సబ్జెక్టుల వివరాల పుస్తకంలో, అదే పాఠం ఎక్కడుందో. ఉదాహరణకి మన డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో డీఎఫ్‌టీ, ఎఫ్ఎఫ్‌టీ, ఐఐఆర్ ఫిల్టర్లు, ఎఫ్ఐఆర్ ఫిల్టర్లు, ప్రాసెసర్ల నిర్మాణం ఉంటాయనుకోండి. అక్కడి సబ్జెక్టులో మొదటి నాలుగూ దొరుకుతాయి, ప్రాసెసర్ల యూనిట్ చాలాచోట్ల దొరకదు. ఐదింట నాలుగు కలిస్తే హెచ్ఓడీకి సంతకం పెట్టడానికి ధైర్యం వస్తుంది. ఖాళీ గడిని దాచకండి, అలాగే చూపించండి. దాచినట్టు తర్వాత బయటపడితే మిగతా నాలుగింటి మీదా అనుమానం వస్తుంది.

హ్యాండ్‌బుక్ చూసేటప్పుడు మూడు గళ్లు తప్పనిసరిగా చూడాలి. బోధనా భాష, ఏ సెమిస్టర్‌లో చెప్తారు, ఏ స్థాయి వాళ్లకి. సబ్జెక్టు పేరు ఇంగ్లిష్‌లో రాసి ఉన్నా పాఠం జర్మన్‌లో జరగొచ్చు. శీతాకాలంలో చెప్పే సబ్జెక్టు వేసవిలో ఉండకపోవచ్చు. మాస్టర్స్ సబ్జెక్టుల్లోకి బీటెక్ పిల్లల్ని రానివ్వకపోవచ్చు. అందుకే ఆరు సబ్జెక్టులు కావాలంటే తొమ్మిదింటికి సమానత్వం రాయించుకుని వెళ్లండి. అక్కడికి వెళ్లాక రెండు టైమ్ టేబుల్‌లో ఢీకొంటాయి, ఒకటి రద్దవుతుంది. మార్పులుంటే మొదటి నాలుగైదు వారాల్లోనే లెర్నింగ్ అగ్రిమెంట్ మార్పుల పేజీ నింపి, మూడు సంతకాలూ మళ్లీ తీసుకోవాలి. మన వైపు సంతకానికి ఎక్కువ రోజులు పడుతుంది కాబట్టి మొదటి వారంలోనే మొదలెట్టండి.

ల్యాబ్‌లు మాత్రం దాదాపుగా కలవవు. అక్కడ ల్యాబ్ సబ్జెక్టులో భాగంగానే ఉంటుంది, విడిగా మార్కులు ఉండవు. ల్యాబ్‌లు తిరిగి వచ్చాక జూనియర్లతో కలిసి చేస్తానని యూనివర్సిటీ అనుమతి లేఖలోనే రాయించుకోండి.

చంపావతి

నాగావళి గారు చెప్పినదంతా నిజం. ఏ సెమిస్టర్ అన్నది ఆయన వదిలేశారు, నేను చెప్తాను.

జర్మనీలో మామూలు యూనివర్సిటీల్లో శీతాకాలం సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30. అప్లైడ్ సైన్సెస్ వాటిల్లో ఒక నెల ముందు: సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి, మార్చి నుంచి ఆగస్టు. మీ ఒప్పందం రెండో రకంతో ఉండడం మీ అదృష్టం. ఆ ఒక్క నెలే మనకి ప్రాణం.

ఐదో సెమిస్టర్‌కి వెళితే అక్కడ పరీక్షలు జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో అవుతాయి. అప్పటికి ఇక్కడ ఆరో సెమిస్టర్ నడుస్తూ ఉంటుంది. 75 శాతం హాజరు కావాలి, వైద్య కారణాలతో అయితే 65 వరకూ మన్నిస్తారు. ఎక్స్‌ఛేంజ్ వైద్య కారణం కాదు. కాబట్టి అక్కడ ఉన్న రోజుల్ని హాజరుగా లెక్కిస్తామని లేఖలో ప్రత్యేకంగా ఉండాలి. ఐదో సెమిస్టర్‌కి అని కాకుండా, తిరిగి రిపోర్టు చేసే తేదీ వరకు అని రాయించండి. ఆ ఒక్క మాట లేక ఆరో సెమిస్టర్ డిటైన్ అయ్యే ప్రమాదం ఉంది.

ఏడో సెమిస్టర్ వద్దు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అప్పుడే జరుగుతాయి, కంపెనీలు వచ్చే రోజుకి మీరు అక్కడ ఉంటారు. ఆన్‌లైన్ రౌండ్లు రాసుకోవచ్చు అంటారు, కానీ చివరి ఇంటర్వ్యూకి మనిషి ఎదురుగా కావాలన్న కంపెనీలు ఉంటాయి.

ఎనిమిదో సెమిస్టర్ సబ్జెక్టులు లేకుండా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ మాత్రమే ఉన్న రెగ్యులేషన్లలో బాగా కుదురుతుంది. మార్చిలో మొదలయ్యే వేసవి సెమిస్టర్‌లో అక్కడి ల్యాబ్‌లో ప్రాజెక్టు చేయొచ్చు. సబ్జెక్టుల సమానత్వం గొడవే ఉండదు, ఒక గైడ్ ఇక్కడ, ఒక గైడ్ అక్కడ. దీనిలో ఉన్న చిక్కు ఒక్కటే. అక్కడి మార్కుల పత్రం ఆగస్టు దాటి వస్తే మీ ప్రొవిజనల్ సర్టిఫికెట్ ఆలస్యమవుతుంది. జూన్, జులైలో చేరమన్న ఉద్యోగం చేతిలో ఉంటే ముందే ఆ కంపెనీకి చెప్పాలి. నన్నడిగితే మీకు ఐదు కన్నా ఎనిమిదే మేలు. సర్దుకోవడానికి చేతిలో ఏడాదికి పైగా సమయం కూడా ఉంటుంది.

నాగావళి

చంపావతి గారితో ఇక్కడ ఏకీభవించను. ఎనిమిదో సెమిస్టర్‌లో వెళ్లిన పిల్లలకి ఆ ల్యాబ్ తప్ప యూనివర్సిటీ తెలియదు. ఎక్స్‌ఛేంజ్ అంటే వేరే చోట క్లాసులో కూర్చుని, వేరే పద్ధతిలో పరీక్ష రాయడం. ఐదో సెమిస్టర్‌కి కాగితాలు గట్టిగా ఉంటే వెళ్లొచ్చు. అక్కడి ప్రొఫెసర్లని డిసెంబర్‌లోనే మర్యాదగా అడిగితే ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకి ముందుగా మౌఖిక పరీక్ష పెట్టేవాళ్లూ ఉంటారు. అదే జరిగితే జనవరిలోనే తిరిగి రావచ్చు.

అయితే ఒక హెచ్చరిక. వీణ గారిది నాలుగో సెమిస్టర్ అంటున్నారు. శీతాకాలం సెమిస్టర్ నామినేషన్లు చాలాచోట్ల ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తాయి, అప్లికేషన్ జూన్, జులైలో. వేసవి సెమిస్టర్‌కి అదే పని అక్టోబర్ నుంచి జనవరి మధ్య. పాస్‌పోర్ట్ ఇప్పటికి చేతిలో లేకపోతే ఐదో సెమిస్టర్ ఆశ వదులుకోండి. అప్పుడు చంపావతి గారి మాటే మాట.

బ్యాక్‌లాగ్ ఉంటే నామినేషన్ దగ్గరే ఆగిపోతుంది, ఉంటే ఈ సప్లీలోనే క్లియర్ చేసేయండి.

బొబ్బిలి_వీణ

చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. పాస్‌పోర్ట్ ఉంది, బ్యాక్‌లాగ్‌లు లేవు. మాది అఫిలియేటెడ్ కాలేజీయే. ఒక అనుమానం: పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు మొత్తం ఒకే గడిలో ఇంటిపేరుతో కలిపి ఉంది. పర్వాలేదా? వీసా, డబ్బు సంగతి కూడా ఎవరైనా చెప్పగలరా?

వంశధార

పర్వాలేదు అనుకోవద్దు. మన వైపు టెన్త్ మెమోలో ఇంటిపేరు, పేరు ఒకే వరుసలో ఉంటాయి. పాస్‌పోర్ట్‌లో అది రెండు గళ్లు కావాలి. జర్మన్ ఆన్‌లైన్ ఫారాల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదలనివ్వదు. అప్పుడు ఒకచోట చుక్క పెడతారు, ఒకచోట పేరు రెండుసార్లు రాస్తారు, టికెట్ మీద ఇంకోలా వస్తుంది. బ్లాక్డ్ అకౌంట్ (అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి వీసాకి చూపించే ఖాతా) పత్రంలో ఒక పేరు, ఇన్సూరెన్స్‌లో ఇంకో పేరు కనబడితే వీసా ఫైలు అక్కడే ఆగుతుంది. మిగతా ఏ పనీ మొదలెట్టకముందే పాస్‌పోర్ట్ రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడదీయించండి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండూ విశాఖ ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం కిందే ఉంటాయి. 36 పేజీల పుస్తకానికి మామూలుగా 1500 రూపాయలు, తత్కాల్ అయితే 3500. పోలీస్ వెరిఫికేషన్ వచ్చే రోజుల్లో దరఖాస్తులో ఇచ్చిన అడ్రసులో ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి.

వీసా. ఒక సెమిస్టర్ 90 రోజులు దాటుతుంది కాబట్టి షెంగెన్ వీసా కాదు, నేషనల్ వీసా, డీ రకం. షెంగెన్ మీద వెళ్లి అక్కడ మార్చుకుందాం అనే సలహా ఎవరిచ్చినా వినకండి, మన దేశపు పాస్‌పోర్ట్‌కి అది కుదరదు. ఫీజు 75 యూరోలు, రూపాయల్లో కడతారు. దరఖాస్తు జర్మన్ కాన్సులర్ పోర్టల్‌లో నింపి, ఆ తర్వాత వేలిముద్రలకి వీఎఫ్ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) సెంటర్‌కి వెళ్లాలి. మనకి హైదరాబాద్. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో గానీ విజయనగరంలో గానీ విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఎక్కితే పొద్దుటికి సికింద్రాబాద్. కానీ ఒడిశా వైపు నుంచి వచ్చే బళ్లు ఆలస్యం కావడం మామూలే. పొద్దున తొమ్మిది స్లాట్ తీసుకోకండి, మధ్యాహ్నం తీసుకోండి, లేదా ముందు రోజే చేరండి. స్లాట్ తప్పితే మళ్లీ కొత్తది దొరికేదాకా వారాలు పోతాయి.

ఫైలులో ఉండాల్సినవి చెక్‌లిస్ట్‌లో ఉంటాయి. డిగ్రీకి వెళ్లేవాళ్ల చెక్‌లిస్ట్ తీసుకుని ఎక్స్‌ఛేంజ్ వాళ్లు తయారవడం తరచూ జరిగే పొరపాటు. మీ ఫైలు ప్రాణమంతా మూడు కాగితాల్లో ఉంటుంది. అక్కడి యూనివర్సిటీ ఇచ్చిన ఎక్స్‌ఛేంజ్ అడ్మిషన్ లేఖ, మొదలు, ముగింపు తేదీలతో. ఇక్కడి కాలేజీ లేఖ, ఒప్పందం కింద పంపుతున్నామని, తిరిగి వచ్చి ఫలానా సెమిస్టర్‌లో చేరతారని. మూడోది డబ్బు. నిర్ణయానికి ఆరు నుంచి పన్నెండు వారాలు అనుకోండి. తిరస్కరిస్తే పాత రోజుల్లోలా అభ్యంతరం రాసి పునఃపరిశీలన అడిగే పద్ధతి 2025 జులై నుంచి లేదు. మళ్లీ కొత్తగా పెట్టుకోవడమే, లేదా కోర్టు. కాబట్టి మొదటి ఫైలే సరిగా ఉండాలి.

ఇప్పుడు డబ్బు. నెలకి 992 యూరోల చొప్పున బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. ఆరు నెలలకి 5,952. యూరో వంద రూపాయలు అనుకుంటే ఆరు లక్షలకి కాస్త తక్కువ. ఇది ఫీజు కాదు, మీ డబ్బే. అక్కడికి వెళ్లాక నెలనెలా 992 చొప్పున మీ ఖాతాలోకి వస్తుంది. ఎరాస్మస్ ప్లస్ (యూరోపియన్ యూనియన్ ఎక్స్‌ఛేంజ్ నిధుల పథకం) కింద గానీ ఇంకో స్కాలర్‌షిప్ కింద గానీ నెలకి 850 యూరోలు వస్తుందని లేఖ ఉంటే మిగతా 142, ఆరు నెలలకి 852 మాత్రమే చూపించాలి. మీ కాలేజీ ఒప్పందంలో ఎరాస్మస్ నిధులు ఉన్నాయో లేదో కోఆర్డినేటర్‌ని సూటిగా అడగండి. ఒప్పందం ఉండడం వేరు, దానికి నిధులు ఉండడం వేరు. ఉన్నా ఆ డబ్బు చాలాసార్లు అక్కడికి చేరాకే మొదటి విడత వస్తుంది. టికెట్‌కి దాన్ని నమ్ముకోవద్దు.

డబ్బు పంపేటప్పుడు జరిగే తప్పు ఒకటి ఉంది, దీన్ని జాగ్రత్తగా చదవండి. ఊళ్లోని చిన్న బ్రాంచిలో విదేశీ చెల్లింపులు చేయరు, మీ బ్యాంకు ఫారెక్స్ బ్రాంచి ఎక్కడుందో కనుక్కోండి. పాన్, పాస్‌పోర్ట్ కాపీ, అడ్మిషన్ లేఖ, బ్లాక్డ్ అకౌంట్ వాళ్లిచ్చిన వివరాల కాగితం పట్టుకెళితే ఏ2 ఫారం నింపిస్తారు. ఆ ఫారంలో ఛార్జీలు ఎవరివి అనే గడి ఉంటుంది. అక్కడ మొత్తం ఛార్జీలు పంపేవారివే అనే ఎంపిక పెట్టించండి. లేకపోతే మధ్యలో ఉన్న బ్యాంకు ఇరవై, ముప్ఫై యూరోలు కోసుకుంటుంది. అక్కడ 5,952కి బదులు 5,925 జమవుతుంది, కన్ఫర్మేషన్ పత్రం రాదు. ఆ 27 యూరోల కోసం మళ్లీ ఫారాలు, మళ్లీ ఛార్జీ, పది రోజులు. ఎందుకైనా మంచిది, ఓ వంద యూరోలు ఎక్కువే పంపండి, అవీ మీకే తిరిగొస్తాయి. ఏడాదికి పది లక్షల లోపు పంపితే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, పడదు.

బ్లాక్డ్ అకౌంట్ మొదటి విడత అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాక గానీ రాదు. అప్పటికే మొదటి నెల అద్దె, గది డిపాజిట్, సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ కట్టాలి. ఈ కాంట్రిబ్యూషన్ ట్యూషన్ ఫీజు కాదు, ఎక్స్‌ఛేంజ్ వాళ్లు కూడా కడతారు, ఊరిని బట్టి 100 నుంచి 350 యూరోల మధ్య ఉంటుంది. డిపాజిట్ రెండు మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు. అందుకని ఫారెక్స్ కార్డులో ఒక 1,200 యూరోలు వేసుకోండి. టికెట్ రానూపోనూ, వీసా, ప్రయాణాలు, చలి బట్టలు అన్నీ కలుపుకుంటే ఇంట్లో చెప్పాల్సిన అంకె ఎనిమిది లక్షలు. దానిలో ఆరు బ్లాక్డ్ అకౌంట్‌వి, డిపాజిట్ వెనక్కొస్తుంది. ఈ రెండూ విడిగా రాసి చూపించండి, పెద్దవాళ్లకి ధైర్యంగా ఉంటుంది.

బొబ్బిలి_వీణ

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి, అక్కడ దిగాక మొదట చేయాల్సిన పనులు, మార్కుల మార్పిడి, ఈ మూడే మిగిలాయి. తినడానికి ఏటి తీసుకెళ్లొచ్చో కూడా అమ్మ అడగమంది.

చంపావతి

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా 75 శాతం హాజరే ప్రాణం. మీరు ఇక్కడి రోల్స్‌లోనే ఉంటారు, ఇక్కడి ఫీజే కడతారు కాబట్టి అర్హత పోనక్కర్లేదు. పోయేది ఎక్కడంటే, నెలనెలా హాజరు ఎక్కించే చోట మీ గడి ఖాళీగా ఉంటే. వెళ్లే ముందే ప్రిన్సిపాల్ నుంచి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కాలేజీ తరఫున ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్నారు, ఆ రోజులు హాజరుగా పరిగణించాలి అని ఉత్తర్వు తీసుకుని, కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌కి ఒక కాపీ ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఇంకో కాపీ కాలేజీ ద్వారానే జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి పంపించండి. నోటిమాట చాలదు. బయోమెట్రిక్ పెట్టమని మధ్యలో పిలుపు వస్తే ఆ ముద్ర ఉన్న కాపీయే మీ తరఫున మాట్లాడుతుంది.

నాగావళి

మార్కుల మార్పిడి. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. అంకె పెరిగితే మార్కు తగ్గినట్టు. వాడుకలో ఉన్నది బవేరియన్ సూత్రం. దాన్ని తిరగేసి వాడితే అక్కడి 2.3 ఇక్కడ ఎంత? మన పాయింట్లలో అత్యధికం 10, కనిష్ఠ పాస్ 4 అనుకుంటే, 2.3లోంచి 1 తీసేసి మూడుతో భాగించి ఆరుతో గుణించి పదిలోంచి తీసేయాలి. 7.4 వస్తుంది. కనిష్ఠ పాస్ 5 అనుకుంటే ఆరుకి బదులు ఐదుతో గుణిస్తాం, 7.83 వస్తుంది. ఒకే మార్కుకి అర పాయింటు దాకా తేడా. అందుకే కనిష్ఠం ఎంత తీసుకుంటారో, ఏ సూత్రం వాడతారో అనుమతి లేఖలోనే రాయించండి. లేదా ఆ సబ్జెక్టులకి పాస్ అని మాత్రమే వేసి సీజీపీఏలో కలపకుండా వదిలేస్తారేమో అడగండి. మీ సీజీపీఏ తొమ్మిది దగ్గర ఉంటే రెండోదే మంచిది.

పరీక్షల గురించి ఒక ముక్క. అక్కడ మిడ్‌లు, ఇంటర్నల్స్ చాలా సబ్జెక్టుల్లో ఉండవు. చివర ఒక్క పరీక్ష, వంద శాతం దానిదే. పైగా క్లాసుకి వెళ్తున్నంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. సెమిస్టర్ మధ్యలో పోర్టల్‌లో పరీక్షకి విడిగా నమోదు చేసుకోవాలి, దానికి గడువు ఉంటుంది. మన వాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ ఆ పని కాలేజీ ఆఫీసు గుర్తుచేసి మరీ చేయిస్తుంది. అక్కడ గుర్తుచేసేవారు ఉండరు. దిగిన మొదటి వారంలోనే ఆ తేదీ కనుక్కుని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

వంశధార

దిగాక చేసే పనులకి ఒక వరుస ఉంది, అది తప్పితే అన్నీ ఆగుతాయి. గది ఇచ్చినవాళ్ల నుంచి మీరు ఫలానా తేదీన దిగారని సంతకం ఉన్న ఫారం తీసుకోవాలి. దాన్ని వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అంటారు. అద్దె ఒప్పందం దీనికి బదులు చెల్లదు. దానితో రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో అడ్రస్ నమోదు, అన్‌మెల్డుంగ్. పెద్ద ఊళ్లలో దీనికి అపాయింట్‌మెంట్ త్వరగా దొరకదు, ఇక్కడ ఉండగానే బుక్ చేయండి. ఆ పత్రంతో బ్యాంకు ఖాతా, ఖాతాతో బ్లాక్డ్ అకౌంట్ డబ్బు.

తలుపు దగ్గర తపాలా పెట్టె మీద మీ ఇంటిపేరు చీటీ అతికించండి. నవ్వకండి, ఇది పెద్ద విషయం. అక్కడ తపాలా గది నంబరు చూసి వేయరు, పెట్టె మీద పేరు చూసి వేస్తారు. పేరు లేకపోతే బ్యాంకు పిన్ ఉత్తరం వెనక్కి పోతుంది, దాంతో ఇంకో రెండు వారాలు కార్డు లేకుండా గడపాలి.

హెల్త్ ఇన్సూరెన్స్. 30 ఏళ్ల లోపు విద్యార్థికి ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్ నెలకి 140 యూరోలకి పైనే, 992లో అది పోగా మిగిలినదే మీ అద్దె, తిండి. ఇన్సూరెన్స్ వాళ్లు యూనివర్సిటీకి నేరుగా ఎం10 అనే సందేశం పంపితేనే మీ నమోదు పూర్తవుతుంది. చవకగా ఉందని ప్రైవేటు ప్రయాణ ఇన్సూరెన్స్ ఒక్కదానితో నెట్టుకొద్దామనుకుంటే ఆ సందేశం రాదు, గుర్తింపు కార్డు రాదు. విమానం దిగిన రోజు నుంచి నమోదు అయ్యేదాకా మధ్య రోజులకి మాత్రం ప్రయాణ ఇన్సూరెన్స్ కావాలి, వీసా ఫైలులోనూ అడుగుతారు.

పలాస_జీడి

తిండి సంగతి నేను చెప్తాను, అమ్మగారికి చదివి వినిపించండి. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల వస్తువులు తేకూడదు. అంటే నెయ్యి వద్దు, కోవా వద్దు, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. నెయ్యి వేసి చేసిన సున్నుండలు కూడా ఇంటి దగ్గరే తినేసి వెళ్లండి. పట్టుకుంటే పారేయడమే కాదు, జరిమానా కూడా పడొచ్చు.

చేపలకి మాత్రం వేరే నియమం. ఎండు చేపలు, ఎండు రొయ్యలు సొంతానికి 20 కిలోల దాకా తేవచ్చు. వాసన బయటికి రాకుండా వ్యాక్యూమ్ ప్యాకింగ్ చేయించి, మీద ఇంగ్లిష్‌లో పేరు రాయించండి. హాస్టల్ వంటగదిలో అందరూ ఉండగా వేయించకండి, పొగ అలారం మోగుతుంది.

పచ్చి కరివేపాకు, మామిడికాయలు, పచ్చిమిర్చి తేకూడదు. 2019 డిసెంబర్ నుంచి మొక్కల సర్టిఫికెట్ లేనిదే రానివ్వరు. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డ్యూరియన్‌కి మినహాయింపు. కరివేపాకు నీడలో ఆరబెట్టి పొడి చేసుకోండి. ఆవకాయ, గోంగూర, చింతకాయ పచ్చళ్లు తీసుకెళ్లొచ్చు, కానీ నూనె ఊటతో ఉన్నవి సీసాలో వద్దు. ప్లాస్టిక్ డబ్బా, మూత మీద క్లింగ్ ఫిల్మ్, దాని మీద టేపు, మొత్తం రెండు జిప్ కవర్లలో. క్యాబిన్ బ్యాగులో పెడితే ద్రవమని తీసేస్తారు, చెకిన్ బ్యాగులోనే పెట్టాలి. వేయించిన పలాస జీడిపప్పు బరువు తక్కువ, బలం ఎక్కువ, కిలో పెట్టుకోండి.

బియ్యం మోయకండి, అక్కడి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. మోయాల్సింది చిన్న ప్రెషర్ కుక్కర్. రెండు గాస్కెట్లు అదనంగా వేసుకోండి, అవి అక్కడ సులభంగా దొరక్కపోవచ్చు. హాస్టళ్లలో ఎక్కువగా కరెంటు పొయ్యిలే, కొన్ని ఇండక్షన్. అడుగుకి అయస్కాంతం అతుక్కునే కుక్కర్ అయితే రెండింటి మీదా పనిచేస్తుంది. చలి కోటు మాత్రం ఇక్కడ కొనకండి, అరకు స్వెటర్ అక్కడ అక్టోబర్‌కే చాలదు.

వంశధార

తిరిగి వచ్చే ముందు పనులు కూడా చెప్పి ఆపుతాను, ఇవి అందరూ మర్చిపోతారు. గది ఖాళీ చేసే వారం ముందు నుంచి అడ్రస్ నమోదు రద్దు చేయించుకోవచ్చు, దాన్ని అబ్‌మెల్డుంగ్ అంటారు. అది చేయకపోతే రేడియో, టీవీ రుసుము నెలకి 18.36 యూరోల చొప్పున మీ పేరు మీద పెరుగుతూనే ఉంటుంది, టీవీ లేకపోయినా సరే. ఇన్సూరెన్స్ ఆపాలంటే యూనివర్సిటీ నుంచి బయటకొచ్చినట్టు పత్రం చూపించాలి. జర్మన్ బ్యాంకు ఖాతా మాత్రం వచ్చే రోజే మూసేయకండి. గది డిపాజిట్ రెండు మూడు నెలల తర్వాత దానిలోకే వస్తుంది.

నాగావళి

దానికి ఒకటి కలుపుతాను. అక్కడి మార్కుల పత్రం ఫలితాలు వచ్చాక ఐదు వారాల లోపు పంపాలన్నది ఎరాస్మస్ నియమం, కానీ అది మీ కోఆర్డినేటర్ మెయిల్‌కి వెళ్తుంది. అక్కడి నుంచి బయలుదేరే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి, మీకూ కాపీ పెట్టమని, సంతకం, ముద్ర ఉన్న ఒరిజినల్ ఒకటి తపాలాలో ఇంటి అడ్రసుకి పంపమని అడగండి. మన యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ప్రింటు తీసిన మెయిల్ కన్నా ఆ కాగితం త్వరగా కదులుతుంది.